చెడినది డిస్కేనా?

*విశాఖకు మహా డేటా కేంద్రములు తరలివచ్చుచున్న వేళ, ఆటోనగరు షెడ్లలోను గాజువాక ఇండ్లలోను ముదిసిన కంప్యూటర్లు టకటకమని మొరపెట్టుకొనుచున్నవి. వానిని పాతసామాను బండికి ఎత్తకముందు ఒకమారు విని చూడవలసిన సంగతులివి.*

ఉదయము పదిగంటల వేళ గాజువాక ఆటోనగరులో ఒకరి మాట ఒకరికి వినబడుట సులభము కాదు. ఒక షెడ్డులో లారీ ఛాసిస్సుపై సమ్మెట పడుచుండును; పక్కషెడ్డులో లేతుమిషను ఇనుపకడ్డీని చెక్కుచు కీచుమనుచుండును; ఎదుట వెల్డింగు రాజుకొనినప్పుడెల్ల వీథిలోని దీపములన్నియు ఒక్కక్షణము మసకబారి మరల తేరుకొనుచుండును. ఇంతటి ఘోష నడుమ, ఒక చిన్న ఇంజనీరింగు షెడ్డు వెనుకగదిలో, ప్లైవుడ్డు అడ్డుగోడ చాటున, ముగ్గురు మనుష్యులు ఊపిరి బిగబట్టి, మూత తీసిన ఒక పాత కంప్యూటరుపైకి వంగి, అతిస్వల్పమైన చప్పుడునొకదానిని వినుచుండిరి. టక్... టక్... టక్. పిమ్మట మోటారు దిగిపోవు సవ్వడి. కొంత నిశ్శబ్దము. మరల టక్, టక్.

"ఏటి నాయినా, పోయినట్టేనా?" అని షెడ్డు యజమాని అడిగెను. ఏబదియేండ్లు దాటినవాడు, జీవితమంతయు యంత్రములతోనే గడిపినవాడైనను, ఈ యంత్రము ముందు మాత్రము ఆసుపత్రి వరండాలో నిలిచిన బంధువువలె బెంగటిల్లియున్నాడు.

"ఉండండి బాబాయ్, అప్పుడే పోయిందనీకండి. ముందల దీనికి కరెంటు సరిగ్గా అందుతందో లేదో సూడాలి" అని కంప్యూటర్లు బాగుచేయు కుర్రవాడు మల్టీమీటరు తీసెను.

అంతవరకును మాటలాడక నిలిచియున్న లేతుపనివాడు, చేతికంటిన గ్రీజును గుడ్డతో తుడుచుకొనుచు, "ఇది బేరింగు సప్పుడు కాదు బాబూ. తిరగడానికి బలం సాలక ఆగిపోతంది. మోటారుకి ఓల్టేజీ పడిపోయినప్పుడు ఇలాగే దిగుద్ది" అనెను. డిస్కు లోపలి నిర్మాణమును అతడెన్నడును చూచియుండడు. కాని తిరుగుడు యంత్రముల చప్పుళ్లను ముప్పదియేండ్లుగా వినుచున్న ఆ చెవి చెప్పిన మాట తప్పు కాలేదు.

ఆ కంప్యూటరు మొదట షెడ్డుది కాదు. కుమార్తె ఇంజనీరింగులో చేరినప్పుడు ఇంటికొరకు కొన్నది; ఆమె చదువు ముగించి, వివాహమై, వేరొక నగరమునకు తరలిపోయిన పిమ్మట, మూలబడియుండుటకంటె అక్కరకు వచ్చునను తలంపుతో తండ్రి దానిని షెడ్డుకు తెచ్చి, బిల్లులు వ్రాసికొనుటకును, గిరాకీదారులిచ్చిన డ్రాయింగులు దాచుకొనుటకును వాడుకొనుచు వచ్చెను. ఆమె పెండ్లిఫొటోలందే కలవు. ఇప్పుడు జీవించిలేని ఆయన తండ్రికి, ఉక్కు కర్మాగారమునకు భూమినిచ్చిన నిర్వాసితుడుగా లభించిన ఆర్-కార్డు స్కాను ప్రతియు అందే కలదు. ఇవి వేరొకచోట నున్నవా అని అడిగినచో ఆయన తల అడ్డముగ ఊపెను.

ఒకే తేదీ, రెండు వార్తలు

2025 అక్టోబరు 14వ తేదీన విశాఖకు సంబంధించిన రెండు సంగతులు జరిగినవి. ఒకదానిని ఊరంతయు చర్చించినది, రెండవదానిని ఊరిలో చాలమంది గమనింపనేలేదు. మొదటిది, గూగుల్ సంస్థ ఐదేండ్ల కాలములో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి విశాఖలో కృత్రిమ మేధకు మహాకేంద్రమును నెలకొల్పునని ఢిల్లీలో జరిగిన ప్రకటన. నాటినుండి తర్లువాడ, అడవివరము, రాంబిల్లి పేర్లు పత్రికలలో మారుమ్రోగుచున్నవి. టీకొట్టు బల్లలమీద సైతము డేటా సెంటరు ముచ్చటలే. రెండవది, అదే దినమున మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10కు తన సాధారణ పోషణను నిలిపివేయుట. కొత్తదైన విండోస్ 11, టీపీఎం 2.0 అను భద్రతాసాధనము లేని యంత్రములను గాని, ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో ఇంచుమించుగ ఎనిమిదవ తరమునకు ముందరివానిని గాని అధికారికముగ అంగీకరింపదు. కావున 2017కు పూర్వము కొన్న ఇంటి కంప్యూటర్లలో అధికభాగము, చక్కగ పనిచేయుచున్నను, పాతసామాను లెక్కలోనికి జారిపోయినవి.

ఈ పరిస్థితిలో పాత యంత్రమున డిస్కు మొరాయించినదనగా దాని కథ ముగిసినట్లే అందరును భావింతురు. దుకాణమునకు మోసికొనిపోయినచో, "హార్డుడిస్కు పోయింది సార్, మార్చేద్దాం, ఎలాగూ సిస్టం పాతదే కదా" యను మాట ఐదు నిమిషములలో వినవచ్చును. ఆ మాటలో మోసముండవలసిన పని లేదు. కొత్త డిస్కు బిగించుట అరగంట పని, పాతదాని రోగమును కనిపెట్టుట ఒకపూట పని, ఆ పూటకు తగిన కూలి ఇచ్చువారు అరుదు. అయినను ఆ తొందరలో రెండు తప్పులు జరుగుచున్నవి. చెడని డిస్కును చెడినదని పారవేయుట ఒకటి. నిజముగ చెడుచున్న డిస్కును బాగుచేయబోయి, అందులోనున్నదానిని శాశ్వతముగ పోగొట్టుట రెండవది. ఈ రెండవదానివలన కలుగు నష్టమును ఏ దుకాణమును పూరింపజాలదు.

పళ్లెములు, తలలు

హార్డుడిస్కు మూతక్రింద అద్దమువలె మెరయు పళ్లెములు, అల్యూమినియముతోగాని గాజుతోగాని చేయబడి, పైన అయస్కాంత పూతతో నుండును. ఇంటి కంప్యూటర్లలో సాధారణముగ అవి నిమిషమునకు 5,400 సార్లుగాని 7,200 సార్లుగాని తిరుగును. మూడున్నర అంగుళముల డిస్కులో 7,200 వేగమున పళ్లెపు అంచు గంటకు 120 కిలోమీటర్లకు పైబడిన వేగముతో పరుగిడుచుండగా, దానిపై వ్రాయుచు చదువుచునుండు తల, పళ్లెమును తాకక, గాలిపొరమీద తేలుచుండును. ఆ ఎడము కొద్ది నానోమీటర్లు మాత్రమే. మనిషి తలవెంట్రుక మందము దానికి వేలరెట్లు. ఆ సందులో సిగరెట్టు పొగలోని కణము సైతము పట్టదు. ఆటోనగరు గాలిలో అనుక్షణము తేలియాడు ఇనుపరజను సంగతి చెప్పనేల?

టక్కుమను చప్పుడెక్కడిదన, పళ్లెముమీద దారిచూపు గుర్తులు కొన్ని ముందే వ్రాయబడియుండును. తల వానిని చదివి తానెచ్చట నున్నదో తెలిసికొనును. చదువలేకపోయినచో చేయి మొదటిచోటికి వెనుదిరిగి మరల ప్రయత్నించును. ఆ వెనుదిరుగుటలో కలుగు తాకిడియే మనము వినునది. చదువలేకపోవుటకు తల చెడియుండవచ్చును, పళ్లెము గీరుకొనియుండవచ్చును. లేదా విద్యుత్తు చాలక పళ్లెము తగిన వేగమందుకొనలేదేమో. చప్పుడొక్కటే, కారణములనేకము.

> పెట్టె: బీరువాంతటి డిస్కు నుండి
>
> మొట్టమొదటి డిస్కు యంత్రమును ఐబీఎం సంస్థ 1956లో వెలువరించెను. రామాక్ అనబడు దానియందు 24 అంగుళముల వెడల్పుగల పళ్లెములు 50 పేర్చబడియుండగా, బరువు టన్నుకు పైబడి, అది దాచగలిగినది సుమారు 50 లక్షల అక్షరములు మాత్రమే. 1980లో షుగార్ట్ టెక్నాలజీ, అనగా తరువాతి కాలపు సీగేట్, ఎస్‌టీ-506 అను పేర బల్లమీది కంప్యూటరులో ఇమిడెడు డిస్కును తెచ్చినప్పుడు దాని పరిమాణమును 5 మెగాబైట్లే. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఫొటో ఒక్కటి దానిని నింపివేయును.

నేరము మోపుటకు ముందు

అనుభవజ్ఞుడైన మరమ్మతుగాడు వెలుపలినుండి లోపలికి నడచును. మొదట చూడవలసినది ఎస్ఎంపీఎస్ అను విద్యుత్తుపెట్టె. దానినుండి డిస్కుకు పోవు తీగలలో పసుపుది 12 వోల్టులు, ఎర్రది 5 వోల్టులు మోయును. పసుపుది మోటారుకు, ఎర్రది ముఖ్యముగ డిస్కు అడుగునుండు సర్క్యూటు పలకకు. నియమము ప్రకారము ఐదు శాతము హెచ్చుతగ్గులు చెల్లును. అనగా పసుపుతీగపై 11.4 వోల్టులకు తగ్గరాదు. పై షెడ్డులో, డిస్కు తిరుగ మొదలిడినంతనే మల్టీమీటరు 10.8కి దిగిపోయెను. ఖాళీగానున్నప్పుడు కొలిచినచో అదే తీగ సరిగా పన్నెండు చూపినది; భారము పడినప్పుడే రోగము బయటపడినది. లేతుపనివాడు చెవితో చెప్పినదానిని మీటరు అంకెలతో చెప్పినది. పెట్టె విప్పగా కెపాసిటర్లు రెండు నడినెత్తిన ఉబ్బి, గోధుమరంగు జిగట కార్చియుండెను. పొరుగుషెడ్డునుండి తెచ్చిన వేరొక ఎస్ఎంపీఎస్ తగిలించిన వెంటనే డిస్కు తిరిగెను.

ఆ కెపాసిటర్లకును ఒక చరిత్ర కలదు. 1999 మొదలు 2007 వరకు ప్రపంచమందంతటను అమ్ముడైన మదర్‌బోర్డులలోను ఎస్ఎంపీఎస్‌లలోను నాసిరకపు ద్రావకముతో తయారైన కెపాసిటర్లు అసంఖ్యాకముగ చేరినవి. ఆ కాలపు యంత్రములు నేటికిని ఉబ్బిన తలలతో మరమ్మతు బల్లలకెక్కుచునే యున్నవి. ఆటోనగరువంటి చోట, వెల్డింగు రాజుకొనినప్పుడెల్ల కుంగిలేచు విద్యుత్తు ఆ క్షయమును త్వరపరచుటలో ఆశ్చర్యము లేదు.

తరువాతది కేబులు. 2003 ప్రాంతమున సాటా వచ్చుటకు ముందరి డిస్కులకు రిబ్బనువంటి వెడల్పు కేబులుండెడిది. 80 తీగల రకములో నీలిరంగు కొన మదర్‌బోర్డుకు, నల్లకొన మొదటి డిస్కుకు, నడుమనున్న బూడిదరంగుది రెండవ డిస్కుకు తగిలింపవలెను. డిస్కు వెనుకనుండు జంపరు అను చిన్న టోపీ దానికనుగుణముగ అమరవలెను. దుమ్ము తుడుచుటకై విప్పి, కొనలు తారుమారుగ తగిలించి, డిస్కు పోయినదని దుఃఖించిన ఇండ్లు ఎన్నియో కలవు. సాటా కేబులు సన్ననిది, సులభమైనది. కాని దాని పట్టు కాలక్రమమున వదులగును. యంత్రము మాటిమాటికి నిలిచిపోవుచు, డిస్కు తనను గురించి వ్రాసికొనిన ఆరోగ్యపట్టికలో 199వ అంశము పెరుగుచుండినచో, నిందింపవలసినది ముందుగ కేబులును గాని డిస్కును గాదు. దాని వెల స్వల్పము.

మూడవది మదర్‌బోర్డు మీది గుండ్రని బ్యాటరీ, సీఆర్ 2032. అది ఎండిపోయినచో కంప్యూటరు తేదీని మరచును. తేదీతోబాటు పాత బోర్డులు డిస్కు అమరికలను గూడ మరచును. అప్పుడు విండోస్ నీలితెర చూపి నిలిచిపోవును. ప్రతి ఉదయమును గడియారము ఎన్నో ఏండ్లు వెనుకకు పోవుచున్నదని గమనించిన ఇల్లాలు, తానెరుగకయే రోగనిర్ణయము చేసినట్లు.

ఉప్పుగాలి వ్రాయు వ్రాత

నాలుగవ పరీక్ష సముద్రతీర వాసులకు మరింత ముఖ్యమైనది. డిస్కు అడుగున ఆకుపచ్చని సర్క్యూటు పలక యుండును. నాలుగైదు చిన్న మరలు విప్పి దానిని మెల్లగ ఎత్తినచో, లోపలి తలలకు సందేశములందించు లోహపు చుక్కల వరుస కనబడును. కొత్తలో తళతళలాడు ఆ చుక్కలు, పాతబడిన డిస్కులలో, ముఖ్యముగ మన తేమగాలిలో, మసిబారియుండును. ఒకవైపు బంగాళాఖాతపు లవణము, వేరొకవైపు శుద్ధికర్మాగారములును కొలుములును వెలువరించు గంధకవాయువులు; విశాఖలో లోహమునకు నెమ్మది లేదు. బడిపిల్లల తెల్లని రబ్బరుతో ఆ చుక్కలను మృదువుగ రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన దూదితో తుడిచి, ఆరిన పిదప పలకను మరల బిగించినంతనే లేచి కూర్చున్న డిస్కులు కలవు. రబ్బరుపొడి ఒక్క రేణువైనను లోపల నిలువరాదు. మరలు సమముగ బిగియవలెను. పనికి ముందు చేతిని మట్టిపాతిన లోహమునకు తాకించి, శరీరమందలి స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనవలెను. ఇది వైద్యములలోకెల్ల చవుకయైనది, నేర్పు కోరునది.

పలకయే కాలిపోయినచో, అదే నమూనా పలకను వేరొక డిస్కునుండి తెచ్చి మార్చుదుమని కొందరు యత్నింతురు. మిక్కిలి పాత డిస్కులలో అది నెరవేరెడిది. తరువాతివానిలో ప్రతి డిస్కుకును తనవే యైన కొలతలు పలకమీది చిన్న చిప్పునందు వ్రాయబడియుండును గనుక, ఆ చిప్పును గూడ ఊడదీసి కొత్త పలకకు అతికింపనిదే ఫలితముండదు. అది సూదిమొనవంటి సోల్డరింగులో చేయి తిరిగినవాని పని.

> పెట్టె: ఫ్లాపీల బూజు
>
> పాత ఇంటి కంప్యూటరులో మొదట మొండికేయునది తరచుగ ఫ్లాపీ డ్రైవు. మూడున్నర అంగుళముల ఫ్లాపీలో ఒక్కొక్క వైపున 80 వలయములు, ఒక్కొక్క వలయమున 18 అరలు, ఒక్కొక్క అరలో 512 బైట్లు. మొత్తము రెండు వైపులకు 14,74,560. కంప్యూటరు వెలిగించినది మొదలు డ్రైవు దీపము ఆరకయే యున్నచో కేబులు తలక్రిందులుగ తగిలించినారని అర్థము. తల మీది మురికికి ఆల్కహాలు దూది చాలును. కాని తీరప్రాంతమున ఫ్లాపీ లోపలి పొరకే బూజు పట్టును. అట్టిదానిని డ్రైవులో పెట్టినచో బూజు తలకంటుకొని, తరువాత పెట్టిన మంచి ఫ్లాపీలను గూడ గీరివేయును. తల అమరిక పక్కకు జరిగిన డ్రైవులో వ్రాసిన ఫ్లాపీ, ఆ డ్రైవులోనే చదువబడి, మరియొకదానిలో చదువబడకపోవుటయు కలదు. కావున పాత ఫ్లాపీలున్నవారు వానిని వ్రాసిన డ్రైవును ముందుగ పారవేయరాదు. సోనీ సంస్థ 2011లో జపానులో వీని అమ్మకము నిలిపినను, పాత సీఎన్‌సీ యంత్రములు కొన్ని నేటికిని ఫ్లాపీనే అడుగును; వానికి, ఫ్లాపీ డ్రైవు స్థానములో అమరి పెన్‌డ్రైవును ఫ్లాపీగా నమ్మించు పరికరములు దొరకుచున్నవి.

డిస్కే చెడినదని తేలినప్పుడు

ఎస్ఎంపీఎస్ మారినది, కేబులు మారినది, బ్యాటరీ మారినది, చుక్కలు తుడువబడినవి. అయినను టక్కుటక్కు ఆగలేదు, లేదా ఫైలు తెరచుటకు నిమిషములు పట్టుచున్నది, లేదా ఆరోగ్యపట్టికలో 5వ, 197వ అంశములు దినదినము పెరుగుచున్నవి. 5వ అంశము, చెడిపోగా బదులు అరలకు మార్చబడిన అరల లెక్క. 197వది, చదువబడక విచారణలో నున్న అరల లెక్క. ఇక డిస్కు దోషియే. ఈ క్షణమున చేయు మొదటి పనిమీదనే సర్వమును ఆధారపడియున్నది.

చాలమంది చేయు పని, విండోస్‌లోని చెక్‌డిస్క్‌ను నడిపి రాత్రంతయు వదలివేయుట. ఇంతకంటె హాని మరియొకటి లేదు. ఆ ఆజ్ఞ డిస్కును ఆసాంతము చదివించును. చదువబడని అరలను పదేపదే తట్టించును. సరిదిద్దుటయను పేర పట్టికలను తిరుగవ్రాయును. గీరుకొనుచున్న తలను పళ్లెముమీద గంటలకొలది నడిపించుటవలన మిగిలియున్నదియు అరిగిపోవును. అట్లే విండోస్‌ను మరల ఎక్కించుట, ఫార్మాటు చేయుట, ఫైళ్లు తిరిగితెచ్చెదమను ప్రోగ్రామును అదే డిస్కుమీద స్థాపించుట, ఇవన్నియు పోయిన అక్షరముల సమాధిమీద కొత్త అక్షరములు చెక్కుటయే.

చేయవలసినది యంత్రమును ఆపుట. డిస్కును విప్పి, వేరొక ఆరోగ్యవంతమైన కంప్యూటరుకు రెండవ డిస్కుగా తగిలించి, దానిపై ఏమియు వ్రాయకుండ, మొత్తమును మరియొక డిస్కునకు ప్రతిగా తీయుట. ఇందులకై లినక్సులో డీడీరెస్క్యూ అను ఉచిత సాధనము కలదు. వరదనీరు పొలములోనికి వచ్చుచున్నప్పుడు తెలివిగల రైతు, పడిపోయిన దుబ్బులను లేవనెత్తుచు కూర్చొనక, నిలిచియున్న పంటనంతను ముందు కోసి గట్టుకు చేర్చి, పిమ్మట వ్యవధి యున్నచో పడినదానివైపు తిరుగును. ఆ సాధనము నడకయు అదియే: సులభముగ చదువబడు భాగములను ముందుగ చేర్చుకొనును, మొండికేయు చోట్లను గుర్తువ్రాసికొని దాటిపోవును, చివర వానియొద్దకు ఓపికతో మరలివచ్చును. నడుమ విద్యుత్తు పోయినను, గుర్తుల పటము ఉన్నది గనుక ఆగినచోటినుండి సాగును. మరమ్మతులన్నియు ఆ ప్రతిమీద చేసికొనవచ్చును. మూలమును తాకవలసిన పని లేదు.

ముందస్తు సూచనలమీద మాత్రము పూర్తిగ ఆధారపడరాదు. నేడు విశాఖకు వచ్చుచున్న ఆ గూగుల్ సంస్థవారే 2007లో, తమ వద్దనున్న లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఒక పత్రము వెలువరించిరి. మొదటి చదువుదోషము కనబడిన డిస్కు, దోషములేని దానికంటె, తదుపరి 60 దినములలో చెడు అవకాశము 39 రెట్లని అందు తేలెను. అయితే చెడిన డిస్కులలో సగమునకు పైగా, ప్రధానమైన ఆ హెచ్చరికలలో ఒక్కటియు చూపకయే కన్నుమూసినవనియు అందే కలదు. పట్టిక కీడును చెప్పినచో నమ్మవలెను. మేలని చెప్పినచో నిశ్చింత పనికిరాదు.

చిట్కాల చేటు

డిస్కును ప్లాస్టిక్కు సంచిలో చుట్టి ఫ్రిజ్జు పైఅరలో రాత్రంతయు ఉంచినచో తెల్లవారి పనిచేయునను చిట్కా ఒకటి బహుకాలముగ తిరుగుచున్నది. ఎక్కడనో పొడిగాలి దేశమున, ఒకానొక పాత డిస్కుకు అది పనిచేసియుండవచ్చును. విశాఖ గాలిలో అట్టి చల్లని లోహమును బయటికి తీసిన నిమిషమునకే దానిపై నీరు చెమర్చును; డిస్కు మూతకు గాలిరంధ్రమొకటి యుండును గనుక తేమ లోనికిని చొరవచ్చును. మూత విప్పి కన్నులార చూడవలెనను కోరిక మరియు ప్రమాదకరము. అందులకై వడగట్టిన గాలిగల శుద్ధమందిరములున్నవి, షెడ్డు బల్ల అందుకు తగదు. తల పళ్లెమునకు అతుక్కొని మోటారు గుయ్యిమని మూలుగుచున్న పాత డిస్కును పక్కనుండి తట్టి లేపుటయు కలదు. అది లేచినను మరల లేచునను నమ్మకము లేదు గనుక, ప్రతి తీయుటకు సర్వము సిద్ధము చేసికొనియే ఆ సాహసము చేయవలెను.

> పెట్టె: ఆకాశమునుండి పడిన డిస్కు
>
> 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా నౌక ప్రమాదములో, ఒక శాస్త్రప్రయోగమునకు చెందిన హార్డుడిస్కు నేలరాలెను. నెలల తరువాత ఎండిన చెరువుగర్భమున అది కాలి, కరిగిన ముద్దగా దొరికెను. క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థ నిపుణులు పళ్లెములను శుభ్రపరచి, వేరొక డిస్కుపెట్టెలో అమర్చి, అందలి సమాచారములో సుమారు 99 శాతము రాబట్టిరి. పళ్లెములు గీరుకొనకుండుటయు, సమాచారము వ్రాసిన చోట మరల ఏమియు వ్రాయబడకుండుటయు అందులకు తోడ్పడినవి.

పోవునదేమి?

డిస్కు వెల చెప్పవచ్చును. అందలి వస్తువు వెల చెప్పుట కష్టము. ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20న ఇందిరాగాంధి శంకుస్థాపన చేసిన తరువాత ఈ ప్రాంతమున 60కి పైగా పల్లెలు భూములు కోల్పోయినవి. ఆ కుటుంబములకు ఆర్-కార్డు ఒక కాగితము మాత్రమే కాదు. తరములు మారినను ఉద్యోగము కొరకును స్థలము కొరకును చూపుచున్న ఆధారము. చెదలకు భయపడి, ముడతలుపడిన మూలప్రతులను స్కాను చేయించి, ఇంటి కంప్యూటరులో వేసి, ఇక భద్రమని నిశ్చింతగనున్నవారెందరో. వారికి చెదలు తెలుసు, తుప్పు తెలుసు. పళ్లెముమీద అయస్కాంతపు గుర్తు చెరుగునని ఎవరును చెప్పలేదు.

వేరొక నష్టము తెలుగువారికి ప్రత్యేకమైనది. యూనికోడు ఇంటింటికి రాకముందు, డీటీపీ కేంద్రములలో 'అను' యను పేరుగల ఫాంట్లతో, పేజ్‌మేకరులో, శుభలేఖలు మొదలుకొని కవితాసంపుటముల దాక కూర్చబడినవి. అట్టి ఫైలును డిస్కునుండి క్షేమముగ బయటికి తెచ్చినను, ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినచో తెలుగునకు మారుగ అర్థములేని రోమను గుర్తులు కనబడును. పేజ్‌మేకరు చివరి ప్రధాన సంచిక 7.0 వెలువడినది 2001లో. కాబట్టి ప్రతి తీయునప్పుడు డాక్యుమెంట్ల ఫోల్డరుతో సరిపెట్టక, ఫాంట్ల ఫోల్డరును గూడ తప్పక తీసికొనవలెను. వీలైనచో ఆ పాత యంత్రము ఇంక నడచుచుండగనే పుటలను పీడీఎఫ్‌గా మార్చుకొనవలెను. ఎందరి తాతల రచనలు ఈ ఒక్క అజాగ్రత్తవలన చదువరాని గుర్తులైపోయినవో తలచికొన్నచో గుండె చివుక్కుమనును.

ఇక 2014 అక్టోబరు 12, ఆదివారము. గంటకు 180 కిలోమీటర్ల వేగపు గాలులతో హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును తాకిన నాడు రేకులు లేచిపోయిన షెడ్లలో, అద్దములు పగిలిన మేడలలో, కంప్యూటర్లు తడిసిముద్దయినవి. అట్లు తడిసిన డిస్కును ఎండబెట్టి వెలిగించి చూచుటయే అందరికిని తోచు పని. అది సరికాదు: నీరు ఇగిరినప్పుడు అందలి ఉప్పును మట్టియు పళ్లెముమీద గట్టిపొరగా మిగులును, ఆ పొరమీద తల నడచినచో గీరుట ఖాయము. తడిసినది తడిసినట్లే సంచిలో మూసి, విద్యుత్తు తగిలింపక, నిపుణులకు చేర్చవలెను. ఒక్క ఇంటిలో రెండు ప్రతులుండియు రెండును అదే గదిలో నుండినచో తుపానునకు అవి ఒక్కటే యని నాడు తెలిసినవారు పెక్కుమంది.

ఆయుధపూజ నాటి పని

పాత డిస్కును వదలుకొనుటకును ఒక పద్ధతి కలదు. ఫైళ్లు తుడిచినంతమాత్రమున అవి పోవు. డిస్కునంతను సున్నలతో నింపవలెను, అది పనిచేయనిచో పళ్లెములకు తూట్లు పొడువవలెను. ఆటోనగరులో డ్రిల్లింగు మిషనుకు కొదువ లేదు; కాని కొన్ని డిస్కుల పళ్లెములు గాజువి గనుక, కంటికి అద్దములు లేకుండ ఆ పనికి పూనుకొనరాదు. పిమ్మట దానిని, 2022 నాటి ఇ-వ్యర్థముల నియమముల ప్రకారము నమోదు పొందిన రీసైక్లింగు సంస్థలకే ఈయవలెను. తీగలు కాల్చి రాగి తీయువారి చేతిలో పడినచో ఆ పొగ పీల్చునది మన పిల్లలే.

దసరాలలో ఆటోనగరులో షెడ్డు కడిగి, లేతుకును డ్రిల్లింగు మిషనుకును పసుపు కుంకుమలద్ది, కొబ్బరికాయ కొట్టుట ఆనవాయితీ. కంప్యూటరుకును ఒక బొట్టు తప్పక పడును. ఆ దినమున పని ఎట్లును ఉండదు గనుక, పూజకు ముందు గంటసేపు వెచ్చించి, మూత విప్పి ఫ్యానులలోని రజను ఊది, ఆరోగ్యపట్టిక చూచి, అవసరమైనవానిని రెండు డిస్కులకు ప్రతి తీసి, ఒకదానిని ఇంటిలోను మరియొకదానిని పరవూరనున్న బంధువుల యొద్దను ఉంచుట అలవాటు చేసికొనవలెను. తీసిన ప్రతినుండి ఏదేని నాలుగు ఫైళ్లు తెరచి చూచికొనవలెను. తెరవని ప్రతిని ప్రతియనుటకు వీలులేదు. పెన్‌డ్రైవులు, ఎస్ఎస్‌డీలు విద్యుత్తు లేక ఏండ్ల తరబడి పెట్టెలో పడియుండినచో వానియందలి ఆవేశము క్రమముగ సన్నగిల్లును గనుక, వానిని గూడ ఆనాడే ఒకమారు తగిలించి చూచుట మంచిది. పూజలో పసుపునీళ్లు చల్లునప్పుడు మాత్రము కంప్యూటరు గాలిరంధ్రములమీద ఒక పాత తువాలు కప్పవలెను.